ఎవరినీ నమ్మని సర్దార్ కాక

సర్దార్ కాక పోయాడని నాకు కూరగాయల మార్కెట్‌లో తెలిసింది. తెలంగాణ వచ్చిన ఏడాది, బతుకమ్మ రోజులు. తంగేడు పూలు, గునుగు పూలు కుప్పలు పోసి అమ్ముతున్నారు. మా పాత కాలనీలో మాకు నాలుగిళ్ల అవతల ఉండే లక్ష్మక్క బీరకాయలు ఏరుతూ కనబడి, "నీకెరికేనా, సర్దార్ కాక పోయిండట. కమాన్‌పూర్ దిక్కు వాళ్ల ఊళ్లె," అంది.

"ఎవలు చెప్పిండ్రు?" అన్నాను.

"ఎవలో అనుకుంటుంటె ఇన్న."

"చూసొచ్చినోళ్లు ఎవలన్న ఉన్నరా?"

లక్ష్మక్క చేతిలో బీరకాయ అట్లాగే పట్టుకుని నా మొహంలోకి చూసింది. "నీకు సుత ఆయన రోగమే అంటుకున్నదే," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇంటికి వచ్చాక మా ఆయన రెండు మూడు చోట్లకు ఫోన్ చేసి కనుక్కున్నాడు. నిజమే. పోయి అప్పటికే పన్నెండు రోజులైంది. దినాలు కూడా అయిపోయాయి. అంత మనిషి సంగతి మాకు గాలివార్తగా చేరింది. బతికి ఉంటే అటువంటి వార్తను ఆయన గుమ్మం దాటి లోపలికి రానిచ్చేవాడు కాదు.

సర్దార్ అన్నది ఆయన పేరు కాదు, పని. గోదావరిఖనిలో బొగ్గుగనిని బాయి అంటారు. షిఫ్టులో మనుషులు పనిచోటికి పోకముందే మైనింగ్ సర్దార్ పోవాలి. చేతికర్రతో పైకప్పు కొట్టి మోత వినాలి. గట్టిగా పలికితే సరే. డొల్లగా పలికితే కింద ఎవరినీ నిలబడనివ్వకూడదు. గాలిలో గ్యాస్ ఉందేమో చూసుకోవాలి. ఆయన సరే అన్నాకే మిగతావాళ్లు లోపలికి పోవాలి. ఏళ్ల తరబడి ఆ పని చేసిన మనిషికి బాయి బయట కూడా అదే బుద్ధి ఉండిపోయింది. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. తల ఒక పక్కకు వంచి నడిచేవాడు, ఏదో వింటున్నట్టు.

మేము ఆ కంపెనీ క్వార్టర్‌లోకి దిగిన రోజు, సామాన్లు ఇంకా వాకిట్లో ఉండగానే ఎదురింట్లోంచి కర్ర పట్టుకుని వచ్చాడు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. తిన్నగా లోపలి గదిలోకి పోయి నాలుగు మూలలా పైకప్పు కొట్టాడు. తూర్పు మూల దగ్గర ఆగి మళ్లీ కొట్టాడు. "గీడ పండుకోకుండ్రి," అని చెప్పి వెళ్లిపోయాడు. మేము ఆ ఇంట్లో తొమ్మిదేళ్లు ఉన్నాం. ఆ మూల పెచ్చు ఒక్కటీ రాలలేదు. అయినా అక్కడ మంచం వెయ్యడానికి ధైర్యం చాల్లేదు. ఒకసారి నవ్వుతూ, "కాకా, ఇంకా పడలేదు గదా," అంటే, "ఇంకా పడలేదు," అన్నాడు. ఆయన నవ్వలేదు.

ఎవరింట్లోనూ చాయ తాగేవాడు కాదు. పాలాయన వస్తే, నీళ్లు కలిపినవా అని కాకుండా, ఎన్ని కలిపినవ్ అని అడిగేవాడు. తలుపు కొడితే, "ఎవలు?" అనేవాడు. "నేనే," అంటే, "నేనే అంటె ఎవలు?" అనేవాడు. పెళ్లానికి కూడా అదే మర్యాద. ఆమెను మేమంతా చిన్నమ్మ అనేవాళ్లం. చిన్న గొంతు, నెమ్మదైన మనిషి. "నన్ను సుత నమ్మడు బిడ్డా. కూరల ఉప్పేసిన్నంటె నాలిక మీద ఏసుకునే దాక నమ్మడు. ముప్పై ఏండ్లాయె," అని బియ్యం చెరుగుతూ చెప్పేది. ఆ గొంతులో ఫిర్యాదు ఉండేది కాదు.

ఏ మాట విన్నా ఆయన వేసే ప్రశ్న ఒక్కటే. "చూసినవా, ఇన్నవా?" విన్న అంటే, ఎవరి దగ్గర అని అడుగుతాడు. చూసిన అంటే, ఏం చూసినవో అది మాత్రం చెప్పు అంటాడు. ఈ ఆరాలకు తట్టుకోలేక కాలనీలో చాలామంది ఆయనను చూసి పక్క సందులోకి తిరిగిపోయేవారు. వెనక నుంచి అనుమానపు సర్దార్ అనేవారు. నేనూ అన్నాను.

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది ఊరంతా అనుమానపు సర్దార్లయ్యారు.

మొదట టీవీలో పూనా, తర్వాత హైదరాబాద్. మా దగ్గర దాన్ని పందుల జరం అన్నారు. డ్రైనేజీ కాలువ పక్కన తిరిగే పందుల మీద పిల్లలు రాళ్లు వేస్తుంటే పెద్దలు చూస్తూ ఊరుకున్నారు. సర్దార్ కాక మాత్రం ఆగి, "పంది తుమ్మంగ చూసినవారా?" అని ఒకడిని నిలదీశాడు. కర్పూరం, యాలకులు బట్టలో మూటకట్టి మెడలో వేసుకున్నారు. నేను పనిచేసే ప్రైవేటు బడిలో ఉదయం ప్రార్థన ఆపేశారు. బస్సులో ఎవరన్నా తుమ్మితే పక్క సీటు ఖాళీ. బొగ్గు దుమ్ములో పని చేసే మా ఊళ్లో దగ్గని మగవాడు లేడు. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని ఆ దగ్గులు ఒక్కసారిగా అందరికీ వినపడసాగాయి. షిఫ్టు దిగి వచ్చేవాళ్లు కాలనీ మలుపు దగ్గర ఆగి, దగ్గవలసినంత దగ్గి, మూతి తుడుచుకుని లోపలికి వచ్చేవారు.

నా భయం నాకుంది. మా అమ్మాయి చిన్నికి అప్పుడు ఎనిమిదేళ్లు. దానికి ఆయాసం. జలుబు చేస్తే చాలు, పిల్లికూతలు మొదలవుతాయి. రాత్రి దాని ఛాతీ మీద చెయ్యి వేసుకుని పడుకునేదాన్ని.

అప్పుడే సుజాత తమ్ముడు వచ్చాడు. సుజాత మా వెనక వరుస క్వార్టర్‌లో ఉండేది. నన్ను అక్కా అని పిలిచేది. చింతపండు నుంచి చీర పిన్నుల దాకా అడగకుండా తీసుకునేంత చనువు మాది. తమ్ముడు తిరుపతి పూనాలో ఏదో కంపెనీలో పనిచేసేవాడు. బడి నుంచి వస్తూ వాళ్ల కిటికీలోంచి చూశాను. మిట్టమధ్యాహ్నం, అంత ఉక్కలో, తల మీదికి దుప్పటి లాక్కుని పడుకుని ఉన్నాడు. సాయంత్రం నల్లా దగ్గర లక్ష్మక్కతో అన్నాను: "సుజాత తమ్ముడు పూనా నుంచి వచ్చిండు. పగటీలి ముసుగు కప్పుకొని పండుకున్నడు. పాణం బాగలేనట్టున్నది."

నేనన్నది అంతే.

సద్దుల బతుకమ్మ అయిన మర్నాడు ఆదివారం. మరుసటి రోజే దసరా. నీళ్ల ట్యాంకు దగ్గర, నిన్నటి పూలు ఇంకా నేల మీద వాడిపోతూ ఉండగా, కాలనీ పెద్దలు కూడారు. విషయం జమ్మి. దసరా సాయంత్రం మా దగ్గర పిల్లలు జమ్మి ఆకు పట్టుకుని ఇంటింటికీ పోతారు. దాన్ని ఆకు అనరు, బంగారం అంటారు. పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు. పెద్దలు గరిజెలో, చాక్లెట్లో, రూపాయి బిళ్లో చేతిలో పెడతారు. కొత్త బట్టల కన్నా పిల్లలకు దీని మీదే ధ్యాస. ఈసారి పంపాలా, వద్దా?

లక్ష్మక్క భర్త రాజన్న యూనియన్ నాయకుడు. ఆయనే ముందు మాట్లాడాడు. "నిన్న బతుకమ్మ ఆడంగ రాని రోగం రేపు జమ్మికి వస్తదా? ఏడాదికొక్కసారి పిల్లలు సంబురపడతరు. వద్దంటె ఎట్ల?"

"పంపొద్దు," అన్నాడు సర్దార్ కాక. ట్యాంకు గోడకు దూరంగా ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"ఎందుకు కాకా?"

"తెల్వదు గనుక."

"ఏం తెల్వదు?"

"ఎవలింట్ల ఏమున్నదో తెల్వదు. నా ఇంట్లనే ఏమున్నదో నాకు తెల్వదు. తెల్వని తావుకు ఎవలన్న పిల్లల్ని ముందర పంపుతరా?"

రాజన్న చేతులు చాపాడు. "అన్ని ఇండ్లు ఎందుకు కాకా? ఒక్క ఇల్లు ఇడిసిపెడితె సరిపాయె."

ఎవరూ ఆ ఇంటి పేరు చెప్పలేదు. తలలు మాత్రం వెనక వరుస వైపు తిరిగాయి. ఆడవాళ్ల గుంపులో చివర సుజాత నిలబడి ఉంది. ఆమె వచ్చిందని నేను అప్పుడే చూశాను.

"ఏ ఇల్లు?" అన్నాడు సర్దార్ కాక.

"తెలిసి అడుగుతవేంది? సుజాత తమ్ముడు పూనా నుంచి జరం తోని వచ్చిండు. దగ్గుతున్నడు."

"ఎవలు చెప్పిండ్రు?"

"మా ఇంటామె."

"లక్ష్మీ, చూసినవా, ఇన్నవా?"

"ఇన్న కాకా. టీచరమ్మ చెప్పె. టీచరమ్మ అబద్ధమెందుకు చెప్తది?"

ఆయన తల వంచి నా వైపు చూశాడు. కోపం లేదు. షిఫ్టులో ప్రమాదం జరిగాక అడిగినట్టు అడిగాడు. "టీచరమ్మా, చూసినవా, ఇన్నవా?"

"చూసిన," అన్నాను.

"ఏం చూసినవ్?"

"పగటీలి పండుకున్నడు. ముసుగు కప్పుకొని."

"జరం చూసినవా?"

"లేదు."

"దగ్గు ఇన్నవా?"

"లేదు కాకా."

"మరేం చూసినవ్?"

నా బడి పిల్లలు ఇద్దరు ట్యాంకు మెట్ల మీద కూర్చుని నన్నే చూస్తున్నారు. "ముసుగు చూసిన," అన్నాను.

అప్పుడు సుజాత మాట్లాడింది. అందరికీ కాదు, నాకు చెప్పింది. "వాని కొలువు పోయింది అక్కా. కంపెనీ మూతవడ్డది. ఊళ్లె మొకం చూపియ్యలేక ముసుగేసుకున్నడు. నన్నడిగితె నేనే చెప్తుంటి గదా."

ఇప్పుడన్నా సర్దార్ కాక ఆమె వైపు ఒక మంచిమాట అంటాడని అనుకున్నాను. అనలేదు. "నువ్వు చెప్పింది సుత నేను నమ్మ బిడ్డా. ఉన్నదనీ నమ్మ, లేదనీ నమ్మ. నేను చూడలే," అన్నాడు. తర్వాత రాజన్న వైపు తిరిగాడు. "ఒక్క ఇల్లు ఇడిసిపెట్టుడంటె కడమ ఇండ్లన్ని మంచిగున్నయని ఒప్పుకునుడే. గది ఎవలు చెప్పిండ్రు నీకు?"

రాజన్న విసుక్కుని, "ఎవలిష్టం వాళ్లది," అన్నాడు. సభ విడిపోయింది.

ఆ రాత్రి ఇంట్లో మా ఆయన పంపుదాం అన్నాడు. చిన్ని, "మూతికి దస్తీ కట్టుకొని పోత అమ్మా, ఎవ్వల చెయ్యి ముట్ట," అని బతిమాలింది. నేను వద్దన్నాను. దాని ఆయాసం ఒక కారణం. రెండోది నేను ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులుగా చిన్నమ్మ కనబడడం లేదు. ఎదురింటి కిటికీలు మూసి ఉన్నాయి. పిల్లలను రానివ్వొద్దని ఇంత పట్టుబడుతున్నాడంటే రోగం ఈయన ఇంట్లోనే ఉందేమో, దాస్తున్నాడేమో అని నాకు తోచింది. పొద్దున్నే అందరి ముందు అంత మాట పడ్డదాన్ని, చీకటి పడేసరికి ఇంకో ఇంటి మీద అనుమానం మొదలుపెట్టాను. చిన్నమ్మ శ్రీరాంపూర్‌లో చెల్లెలింటికి పోయిందని, పండుగ నాడు పొద్దున ఆమె సంచీతో ఆటో దిగినప్పుడు గానీ తెలియలేదు.

దసరా సాయంత్రం కాలనీ పిల్లల్లో సగానికి పైగా బయటికి వచ్చారు. మూతులకు దస్తీలు, గుప్పిళ్లలో జమ్మి. చిన్ని కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. ఏడవడం అయిపోయి వెక్కిళ్లు మిగిలాయి. నేను వంటింటి కిటికీ దగ్గర ఉన్నాను. అక్కడి నుంచి వెనక వరుస కనబడుతుంది. సుజాత గేటు పక్కన పిట్టగోడ మీద పళ్లెంలో గరిజెలు పెట్టి, పైన తెల్లబట్ట కప్పి ఉంది. పిల్లలు ఆ వరుసలోకి వస్తున్నారు, పక్కింట్లోకి పోతున్నారు, ఆ గేటు వదిలి ఆ తర్వాతి ఇంటికి పోతున్నారు. పిల్లలకు ఎవరు చెప్పారో తెలియదు. ఒక చిన్నపిల్ల ఆగబోతే వాళ్లక్క రెక్క పట్టుకుని లాక్కుపోయింది. సుజాత రెండుసార్లు బయటికి వచ్చి పళ్లెం మీద బట్ట సరిచేసి లోపలికి పోయింది.

పొద్దు గుంకేవేళ సర్దార్ కాక ఆ సందులోకి వచ్చాడు. ఉతికిన ధోవతి, చేతిలో జమ్మి రెమ్మ. ఏ ఇంటికీ ఎవరూ పోవొద్దన్న మనిషి. గేటు బయట నాలుగడుగుల దూరంలో ఆగి, "పిలగా, బయటికి రా," అని కేకేశాడు.

తిరుపతి వచ్చాడు. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి ఉన్నాడు. చిన్నవాడు పెద్దవాడికి ఇవ్వాలి జమ్మి. ఇక్కడ పెద్దవాడే పిట్టగోడ మీద ఆకు పెట్టి మూడడుగులు వెనక్కి జరిగాడు. "తీస్కో. బంగారం."

ఆ పిల్లవాడు ఆకు తీసుకుని, గేటు తెరిచి కాళ్లు మొక్కడానికి ముందుకొచ్చాడు.

"దూరం, దూరం!" అన్నాడు సర్దార్ కాక, కర్ర అడ్డం పెట్టి. "నాకు నీ మీద అనుమానమే. అందరి మీద అనుమానమే. నా మీద సుత. ఆన్నే నిలబడి మొక్కు."

తిరుపతి ఆరడుగుల దూరంలో నేల మీదికి వంగి మొక్కాడు. లేచేసరికి నవ్వుతున్నాడు. సుజాత పరుగున వచ్చి పళ్లెం మీది బట్ట తీసింది. సర్దార్ కాక ఒక గరిజె తీసుకుని వాసన చూసి, జేబులో వేసుకున్నాడు. తిన్నాడో లేదో నాకు తెలియదు.

ఐదో రోజున చిన్నికి జ్వరం వచ్చింది.

ఎటూ పోని పిల్లకు ఎట్లా వచ్చింది? కాలనీలో ఇదే మాట. బడి నుంచి టీచరమ్మే తెచ్చిందన్నారు. సుజాత ఇంటి నుంచి సర్దార్ కాక తెస్తే, ఎదురిల్లు కాబట్టి మాకు అంటిందన్నారు. మార్కెట్ దగ్గర ఒక ప్రైవేటు డాక్టరు చూసి, గొంతులో దూదిపుల్ల పెట్టి నమూనా తీయించి, పరీక్షకు హైదరాబాద్ పంపారు. ఫలితం వచ్చేదాకా పిల్లను ఎవరితో కలవనివ్వొద్దన్నారు. మా ఆయనకు డ్యూటీ తప్పదు. నేను బడి మానేశాను. పాలాయన గేటు బయటే నిలబడి, గిన్నె తాకకుండా పైనుంచి పోశాడు. లక్ష్మక్క మా వైపు చూడకుండా నల్లాకు పోయింది. సుజాత కూడా రాలేదు. ఆమె ఎందుకు రావాలి?

సర్దార్ కాక మాత్రం షిఫ్టుకోసారి గేటు దగ్గరికి వచ్చేవాడు. లోపలికి రాడు. "బిడ్డను కిటికీ కాడికి తే," అనేవాడు. చిన్నిని కూర్చోబెడితే దాని ఛాతీ వంకే చూస్తూ నిలబడేవాడు. "జరం ఎంతున్నది?" అని అడిగి, నేను చెప్పింది నమ్మకుండా థర్మామీటర్ కిటికీకి ఆనించి చూపించమనేవాడు.

రెండో రోజు పొద్దున నీళ్లు చల్లడానికి బయటికి వచ్చి చూస్తే, మా గేటు స్తంభం మీద తెల్లటి సుద్దముక్క రాత. ఏవో అంకెలు, కింద కొట్టివేతలాంటి గీత. నాకు ఒళ్లు మండిపోయింది. రోగం ఉన్న ఇల్లని ఎవరో గుర్తు పెట్టారు. మొదట సుజాత అనుకున్నాను, కక్ష తీర్చుకుందని. తర్వాత రాజన్న అనుకున్నాను. చెంబు అక్కడే పడేసి రోడ్డు మీదికి వచ్చి, "ఎవలు రాసిండ్రు గిది? దమ్ముంటె ముందటికి రాండ్రి!" అని అరిచాను. అంతకు ముందు జీవితంలో నేను అట్లా అరవలేదు.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. "నేనే రాసిన," అన్నాడు సర్దార్ కాక.

"ఎందుకు? మమ్ముల వెలి ఏసుడా?"

ఆయనకు నా కోపం అర్థం కాలేదు. "చూసిపోయిన అని రాసిన. బాయిల గట్లనే రాస్తం. తేదీ, టైము, సంతకం."

నేను నమ్మలేదు. తడిగుడ్డతో తుడవబోయాను. చిన్ని లోపల దగ్గుతుంటే గుడ్డ వదిలేసి పోయాను.

మధ్యాహ్నం ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చేవాళ్ల సైకిళ్లు, బండ్లు మా ఇంటి ముందు నుంచే పోతాయి. ముందు రోజు అందరూ అవతలి అంచుకు జరిగి పోయారు. ఆ రోజు ఒకాయన మా గేటు దగ్గర ఆగాడు. నాకు పేరు కూడా తెలియదు. స్తంభం మీది రాత చదివాడు. "సర్దార్ చూసిపోయిండా?" అన్నాడు తనలో తను. తర్వాత కిటికీ వైపు, "టీచరమ్మా, దుకాణంకెళ్లి ఏమన్న తేవాల్నా? పాలు, బిరెడ్డు?" అని అడిగాడు. అతని వెనక ఇంకొకరు ఆగారు. మూడో మనిషి రాజన్న. ఆయన స్తంభం మీది రాత చూసి వెళ్లి, అరగంటకు నాలుగు కొబ్బరిబోండాలు తెచ్చి గేటు లోపల పెట్టి పోయాడు.

బాయిలో ఆ సుద్దరాత ఉన్న చోటికి మనుషులు ధైర్యంగా పోతారని, అది లేని చోట కాలు పెట్టరని ఆ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాక మా ఆయన చెప్పాడు. ఆయన పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపినా, మొదట్లో రెండేళ్లు బాయి లోపల పనిచేశాడు. "మనోళ్లందరికి తెలుసు. నీకే తెల్వదు," అన్నాడు.

మూడో రోజు సాయంత్రం చిన్నికి నయంగా ఉందనిపించింది. జ్వరం తగ్గింది. రెండు చెంచాల జావ తాగింది. సర్దార్ కాక వచ్చేసరికి నేను గేటు దాకా ఎదురు పోయి, "తగ్గింది కాకా, ఇంక ఫికర్ లేదు," అన్నాను.

"కిటికీ కాడికి తే."

తెచ్చాను. ఆయన చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. "అంగి పైకి లేపు," అన్నాడు. లేపాను. "పక్కలు ఎగరేస్తుంది. చూస్తున్నవా?"

"ఆయాసం దానికి ఎప్పుడుండేదే కాకా. పొద్దటికంటె నయమే."

"తీస్కపో దవాఖానకు. ఇప్పుడే."

"నేను పొద్దటి సంది చూస్తనే ఉన్న గదా!"

"నువ్వు తల్లివి," అన్నాడు. "నీ కండ్లు నమ్మరాదు. మంచిగైతున్నదనే చూస్తయి అవి."

నిజం చెప్పాలంటే, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతుండడం నేను మధ్యాహ్నమే చూశాను. చూసి కూడా, లేదని చెప్పుకున్నాను. సర్దార్ కాక అప్పటికే రోడ్డు మీద ఒక ఆటోను ఆపి కర్రతో టైర్లు కొడుతున్నాడు. చిన్నిని భుజాన వేసుకుని పరుగెత్తాను. "డాక్టర్ ఏం కాదంటె వాపస్ రాకు. ఏం చూసి అన్నవని అడుగు," అని ఆటో కదిలేదాకా చెబుతూనే ఉన్నాడు.

డాక్టరు ఏం కాదు అనలేదు. వేలికి మిషన్ తగిలించి చూసి, వెంటనే మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. మూడు రోజులు ఉన్నాం. నాలుగో రోజు చిన్ని ఆకలి అంది. హైదరాబాద్ నుంచి కాగితం వచ్చింది, స్వైన్ ఫ్లూ కాదని. మామూలు జ్వరమే, దాని ఊపిరితిత్తులకు మోయలేనిదైంది. సర్దార్ కాకకు ఆ కాగితం చూపిస్తే అటూ ఇటూ తిప్పి చదివి, "ఇంకో పది దినాలు చూడు," అని తిరిగి ఇచ్చేశాడు.

చిన్ని బడికి పోయిన రోజు సాయంత్రం నేను సుజాత ఇంటికి పోయాను. గేటు బయటే నిలబడి, "తప్పయింది సుజాతా," అన్నాను. ఆమె బట్టలు ఆరేస్తోంది. "తెలుసక్కా. నల్లా కాడ అన్న నాడే నాకు తెలిసింది. నువ్వే వస్తవని చూసిన, పండుగ దాక," అంది. మాటలో కోపం లేదు. చిన్ని ఎట్లా ఉందని అడిగింది. లోపలికి రమ్మనలేదు. ఆ తర్వాత కూడా నన్ను అక్కా అనే పిలిచింది. చింతపండు కావలసివస్తే మాత్రం దుకాణానికే పోయింది. తిరుపతి కొన్నాళ్లకు జ్యోతినగర్‌లో ఎలక్ట్రిషియన్ పనికి కుదిరాడు.

మరుసటి ఏడాది సర్దార్ కాక రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేస్తున్న రోజు ట్రాలీ ఆటోలో సామాన్లు కడుతుంటే, ప్రతి ముడీ తనే విప్పి మళ్లీ వేశాడు. డ్రైవరు తల పట్టుకున్నాడు. చిన్నమ్మ నా చేతులు పట్టుకుని కళ్లు తుడుచుకుంది. ఆయన ఎవరికీ పోయివస్తానని చెప్పలేదు. నేనూ చిన్నీ మా గేటు దగ్గర నిలబడ్డాం. చిన్ని వెళ్లి కాళ్లు మొక్కింది. ఈసారి దూరం అనలేదు. దాని తల మీద చెయ్యి పెట్టి, ఊపిరి ఎట్లా తీస్తోందో ఒక నిమిషం విన్నాడు.

"బిడ్డా, పెద్దగైతవు, సదువుకుంటవు," అన్నాడు. "మీ అమ్మ చెప్పిందంత నమ్మకు."

చిన్ని నా వైపు చూసింది. ఆయన కూడా చూశాడు. "మంచి మనిషే మీ అమ్మ," అన్నాడు. "అయినా నమ్మకు."

నాకు కోపం రావలసింది. రాలేదు. ట్రాలీలో సామాన్ల మధ్య ముడుచుకుని కూర్చుని, ఒక చేత్తో తాడు పట్టుకుని లాగి చూసుకుంటూ ఆయన వెళ్లిపోయాడు. "నిజంగనే నమ్మొద్దా అమ్మా?" అని చిన్ని అడిగింది. వద్దు అని నేనే చెప్పాను.